పూజ గది దాటాక కూడా దేవుడు గుర్తుండాలంటే

పొద్దున స్నానం చేసి, దీపం పెట్టి, పావుగంట కూర్చుంటారు. మనసు నిమ్మళంగా ఉంటుంది. తర్వాత టిఫిన్ బాక్సులు, పిల్లల స్కూల్ ఆటో, గ్యాస్ బండ, ఆఫీసు వాట్సాప్ గ్రూపు. హన్మకొండ చౌరస్తా దాటేసరికి ఆ నిమ్మళం ఎటు పోయిందో తెలియదు. మళ్లీ దేవుడు గుర్తుకొచ్చేది రాత్రి పడుకునేటప్పుడో, ఏదైనా ఆపద వచ్చినప్పుడో. చాలామంది భక్తుల రోజు ఇలాగే గడుస్తుంది. వాళ్ల భక్తిలో లోపం ఉందని నేను అనుకోను. పూజకు ఒక చోటు, ఒక సమయం ఇచ్చారు. మిగతా రోజుకు ఏమీ ఇవ్వలేదు, అంతే. దానికి ఏం ఇవ్వాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

దీనికోసం ఉద్యోగం మానక్కర్లేదు, సంసారం వదలక్కర్లేదు. మన బమ్మెర పోతన భాగవతంలో ప్రహ్లాదుడి గురించి ఏం చెప్పాడో గుర్తు చేసుకోండి. నీళ్లు తాగుతూ, అన్నం తింటూ, మాట్లాడుతూ, నవ్వుతూ, తిరుగుతూ, నిద్రపోతూ కూడా ఆ పిల్లవాడు నారాయణుడి పాదాలనే తలచుకుంటూ ఉన్నాడు. అడవికి పోయాడనో, గుహలో కూర్చున్నాడనో అక్కడ లేదు. అన్నీ మనం రోజూ చేసే పనులే. పైగా ఆ పిల్లవాడు ఉన్నది హరి పేరెత్తితే మండిపడే తండ్రి ఇంట్లో. మన ఇంట్లో అంత కష్టమేం లేదు కదా.

ముందు ఒక్క పేరు పట్టుకోండి

రోజంతా తలచుకోవాలంటే ఆ పేరు చిన్నదై ఉండాలి. సహస్రనామం పూజ గదిలో బాగుంటుంది, బస్సు ఎక్కేటప్పుడు నడవదు. ఒక ఊపిరిలో పట్టేంత చాలు. రామ రామ, శివ శివ, నమో నారసింహ, అమ్మా భద్రకాళీ. ఏది ఎంచుకోవాలో తేలకపోతే మీ ఇంటి ఇలవేల్పును చూడండి. మన దగ్గర ఒకరింట్లో వేములవాడ రాజన్న, ఒకరింట్లో ఐనవోలు మల్లన్న, ఇంకొకరింట్లో కొండగట్టు అంజన్న, ధర్మపురి నరసింహస్వామి, సమ్మక్క సారలమ్మలు. కాలు జారినప్పుడు, ఫోన్‌లో చెడ్డ వార్త విన్నప్పుడు మీ నోట తన్నుకొచ్చే పేరు ఏది? దాన్నే పట్టుకోండి. చిన్నప్పుడు నానమ్మ నోట విన్న పేరుకు ఉండే బలం నిన్న వీడియోలో విన్న మంత్రానికి ఉండదు.

హ్రీం, క్లీం వంటి బీజాక్షరాలున్న మంత్రాలు మాత్రం గురువు చెప్పకుండా మొదలుపెట్టకండి. నామానికి ఆ కట్టుబాటు లేదు. గురువు ఇచ్చిన మంత్రం ఇప్పటికే ఉంటే, దాన్ని రోజంతా చేసుకోవచ్చో లేదో ఆయననే అడగండి.

ఒకసారి ఎంచుకున్నాక పేరు మార్చకండి. ఈ వారం శివుడు, వచ్చే వారం వేంకటేశ్వరుడు అంటే ఏదీ లోపలికి దిగదు. ఏ దేవుడు గొప్ప అనే వాదన అసలే వద్దు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయి స్తంభాల గుడిలో శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి ఒకే చోట మూడు గర్భాలయాలు ఉన్నాయి. ఆ ముంగిట నిలబడి మొక్కే మనకు ఆ పంచాయితీ ఎందుకు? కాజీపేట దర్గాకు పోయేవాళ్లకు జిక్ర్, అంటే అల్లాను పదే పదే తలచుకోవడం, ఉంది. చర్చికి పోయేవాళ్లకు, ఎడతెగకుండా ప్రార్థించమని బైబిల్లో పౌలు థెస్సలొనీకయులకు రాసిన మాట ఉంది. ఇక్కడ చెప్పే పద్ధతి వాళ్లకూ పనికొస్తుంది, వాళ్ల పేరుతో, వాళ్ల ప్రార్థనతో.

పొద్దున పది నిమిషాలు

ఈ పది నిమిషాలే మిగతా రోజంతటికీ పునాది, కాబట్టి దీన్ని వదలొద్దు. లేచాక ఫోన్ ముట్టుకోకముందే, వీలైతే రోజూ ఒకే చోట కూర్చుని ఆ పేరును మెల్లగా అనుకోండి. మాల ఉంటే 108 పూసలు పది నిమిషాల లోపే తిరుగుతాయి. మాల లేకపోయినా ఫరవాలేదు. కూర్చోవడం కుదరని వాళ్లు నడుస్తూ చేసుకోండి. భద్రకాళి బండ్ మీద పొద్దున వాకింగ్ చేసేవాళ్లలో చెవుల్లో ఇయర్‌ఫోన్ బదులు నోట్లో నామం ఉన్నవాళ్లు కొందరు కనిపిస్తారు. చెరువు పక్కన, అమ్మవారి గుడి కనిపిస్తుండగా నడవడం ఎంత మంచి అదృష్టమో అక్కడ తిరిగేవాళ్లకే తెలుసు.

మూడు పనులకు ముడి వేయండి

అసలు విషయం ఇక్కడుంది. “రోజంతా దేవుణ్ణి తలచుకుంటాను” అని సంకల్పం చెప్పుకుంటే మధ్యాహ్నానికి అది ఎక్కడుందో వెతుక్కోవాలి. మనసుకు అంత పెద్ద పని ఒకేసారి అప్పజెప్పకూడదు. అందుకే రోజూ తప్పకుండా చేసే పనుల్లోంచి మూడు ఎంచుకుని, ఆ పని మొదలయ్యే క్షణానికి ఆ పేరును ముడి వేయండి. మూడు పనులే, మూడు సార్లే.

ఎంచుకునేటప్పుడు ఆ పని రోజూ జరిగేది, చేతితో ఏదో ఒకటి ముట్టుకునేది అయ్యేలా చూడండి. “ఖాళీ దొరికినప్పుడు” అని పెట్టుకుంటే ఆ ఖాళీ రాదు. “బండి తాళం తిప్పేటప్పుడు” అంటే తప్పించుకోలేం.

ఇంట్లో ఉండే ఆడవాళ్లకు పొద్దున వాకిలి ఊడ్చి సాన్పి చల్లేటప్పుడు ఒకటి, ఎసట్లో బియ్యం పోసేటప్పుడు ఒకటి, సాయంత్రం లైటు వేసేటప్పుడు ఒకటి. బియ్యం పోసే క్షణం చాలా మంచిది, ఆ అన్నం ఇంటిల్లిపాదీ తింటారు. పత్తి ఏరడానికి, నాటు వేయడానికి పోయేవాళ్లు సాలు మొదట్లో వంగేటప్పుడు అనుకోవచ్చు. రైతు బాయికాడ మోటారు స్టార్టర్ నొక్కేటప్పుడు అనుకోవచ్చు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తా ఎత్తే హమాలీ, బస్తా భుజానికి తగిలే క్షణాన్ని ఎంచుకోవచ్చు. టీచర్ హాజరు పట్టీ తెరిచేటప్పుడు, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు పాస్‌వర్డ్ కొట్టే ముందు.

సింగరేణి కార్మికులకు దీన్ని వేరే చెప్పనక్కర్లేదు. గనిలోకి దిగే ముందు మైసమ్మకు మొక్కుకోవడం వాళ్లకు అలవాటే. షిఫ్టు మొదట్లో ఒక ముడి ఉండనే ఉంది. ఇక షిఫ్టు మధ్యలో నీళ్లు తాగేటప్పుడు ఒకటి, పైకి వచ్చి వెలుతురు చూసినప్పుడు ఒకటి కలుపుకుంటే సరిపోతుంది. ఊళ్లలో ఉండేవాళ్లకు చెరువు కట్ట మైసమ్మ ఉంది. ఆ దారిన పోయేటప్పుడల్లా చెప్పులు విడిచి మొక్కే పెద్దవాళ్లు చేసేది కూడా ఇదే. వాళ్లకు ఎవరూ పద్ధతి నేర్పలేదు, దారే గుర్తు చేస్తుంది.

మీ మూడు పనులను ఒక కాగితం మీద రాసి వంటింట్లోనో, పర్సులోనో పెట్టుకోండి. మొదటి వారం ఆ కాగితం లేకపోతే ఏ పనులు ఎంచుకున్నారో కూడా మరిచిపోతారు. ఆ పని రాగానే ఒక్కసారి, మనసు పెట్టి అనుకోండి. చేయి ఆగాల్సిన పని లేదు, కళ్లు మూయాల్సిన పని లేదు. అవి అలవాటై, గుర్తు చేయకుండానే నోట్లోకి పేరు వస్తున్నప్పుడు నాలుగోది కలపండి. తొందరపడి పదిహేను పెట్టుకుంటే నాలుగు రోజుల్లో అన్నీ పోతాయి.

చేతి పని వేరు, తల పని వేరు

కొన్ని పనుల్లో చేతులు బిజీగా ఉంటాయి, మనసు ఖాళీగా ఉంటుంది. బీడీలు చుట్టడం, అంట్లు తోమడం, కలుపు తీయడం, కొత్తవాడ మగ్గం మీద దరీ నేయడం, సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) దగ్గర నిలబడటం. ఖాళీ మనసు ఊరుకోదు. పాత గొడవలు, తీరని అప్పు, పక్కింటివాళ్ల మాటలు తవ్వుకుంటూ పోతుంది. సాయంత్రానికి ఒళ్లు అలసిపోవడం సరే, మనసు కూడా అలసిపోయేది ఇందుకే. ఈ పనులు చేసేవాళ్లు నామానికి అందరికంటే అదృష్టవంతులని నేను గట్టిగా నమ్ముతాను. పని లయతోనే పేరును నడిపించవచ్చు. దరీ నేసేవాళ్లకు పోగు పోగుకూ ఒక పేరు, బీడీ చుట్టేవాళ్లకు ఆకు ఆకుకూ ఒక పేరు. పొలంలో నాటు వేస్తూ పాటలు పాడే ఆడవాళ్లకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లు మాత్రం చూపు, చెయ్యి పని మీదే ఉంచండి. పేరు లోపల మెల్లగా నడుస్తుంది.

తలతో చేసే పని సంగతి వేరు. లెక్కలు చూడటం, పాఠం చెప్పడం, రోగికి ఇంజెక్షన్ ఇవ్వడం, ట్రాఫిక్‌లో బండి నడపడం. వీటి మధ్యలో జపం చేయాలని చూడకండి. లెక్కా తప్పుతుంది, జపమూ తప్పుతుంది. గీత ఎనిమిదో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పింది, అన్ని వేళలా నన్ను తలచుకో, యుద్ధమూ చెయ్యి అని. రథం మీద నిలబడి బాణం వేసేవాడు గురి వదిలేస్తే ఎలా? కాబట్టి తల పనికి ముందు ఒక్క క్షణం ఆగి, “ఇది నీకు” అనుకుని మొదలుపెట్టండి. తర్వాత ఆ పనిని శ్రద్ధగా, పూర్తిగా చేయండి. అయిపోయాక మళ్లీ ఒక్కసారి తలచుకోండి. మధ్యలో పేరు నోట్లో లేకపోయినా ఆ గంట ఆయనకు ఇచ్చినదే. నర్సు సూది మీద మనసు పెట్టడం కూడా ఆ వేళకు పూజే.

ఎదురుచూపులో

కాజీపేట జంక్షన్‌లో రైలు లేటు. బస్టాండులో బస్సు రాలేదు. ఆసుపత్రిలో ఓపీ లైను కదలడం లేదు. రోజులో ఇలాంటి సమయం ఎంత పోతుందో లెక్క పెట్టుకుంటే ఆశ్చర్యపోతారు. చెయ్యి జేబులోకి పోయి ఫోన్ తీసే లోపే ఒక పని చేయండి. మొదటి ఐదు నిమిషాలు ఊపిరితో ఉండండి. ఊపిరి లోపలికి వచ్చేటప్పుడు పేరులో సగం, బయటికి పోయేటప్పుడు సగం. ‘శి’ లోపలికి, ‘వ’ బయటికి. ‘రా’ లోపలికి, ‘మ’ బయటికి. ఊపిరిని బిగించకండి, పొడిగించకండి. అది ఎలా నడుస్తుంటే అలా, పేరు దాని వెంట నడవాలి. తల తిరిగినట్టుంటే ఆపి మామూలుగా కూర్చోండి.

మనిషి రోజుకు 21,600 సార్లు ఊపిరి తీస్తాడని, ఆ ప్రతి ఊపిరిలోనూ ‘హంస’ అనే జపం దానంతట అదే జరుగుతుందని యోగ గ్రంథాలు చెబుతాయి. అంటే నిమిషానికి 15. అన్నింటినీ పట్టుకోవడం మన వల్ల కాదు. రైలు వచ్చే లోపు కొన్నింటిని పట్టుకోగలం, అది చిన్న సంగతేం కాదు.

అన్నం దగ్గర

మొదటి ముద్ద నోట్లో పెట్టే ముందు ఒక్కసారి పేరు. ఆ అన్నం పండించిన రైతును, వండిన చేతులను కూడా తలచుకోండి. ఫోన్, టీవీ కట్టేయండి. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

మనుషుల దగ్గర

ఎక్కువగా తెగిపోయేది ఇక్కడే. ఒంటరిగా ఉన్నప్పుడు నామం బాగానే నడుస్తుంది. ఎవరైనా ఒక మాట అనగానే మొత్తం పోతుంది. అత్తగారి మాట, మేనేజర్ మెసేజ్, పిల్లవాడి మొండితనం. అందుకని మనుషులకు కూడా ముడి వేసుకోవాలి. ఫోన్ మోగగానే ఎత్తకండి, రెండు రింగులు పోనివ్వండి. ఆ రెండు రింగుల్లో ఒకసారి పేరు. చూడటానికి చిన్నదే కానీ, “ఏంది?” అని కసురుకుంటూ ఎత్తే ఫోన్ “చెప్పు బిడ్డా” అని ఎత్తే ఫోన్‌గా మారుతుంది. కోపం వచ్చినప్పుడు జవాబుకు ముందు ఒక్క ఊపిరి, ఒక్క పేరు. అప్పటికీ కోపం ఉండవచ్చు, ఉండనివ్వండి. ఆ ఒక్క ఊపిరి వల్ల నోటి నుంచి వచ్చే మాట మారుతుంది.

ఒక కఠినమైన సంగతి కూడా చెప్పాలి. కాంటా మీద బస్తా పెట్టి, నోటితో గోవిందా అంటూ, చేత్తో తరుగు ఎక్కువ తీస్తే ఆ గోవిందుడు ఎక్కడున్నట్టు? దేవుడు ఎప్పుడూ తోడున్నాడని నిజంగా అనిపించిన రోజు తూకం దానంతట అదే సరి అవుతుంది, లంచానికి చెయ్యి చాపడానికి మొహమాటం వేస్తుంది. ఆ మొహమాటం వస్తోందా లేదా అని అప్పుడప్పుడూ చూసుకోండి. నామం లోపలికి దిగిందో లేదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన నమ్మకమైన గుర్తు ఇదే. కలలో దేవుడు కనబడటం, ఒళ్లు గగుర్పొడవడం వంటి వాటికి అంత విలువ ఇవ్వకండి.

మరిచిపోతారు, మరిచినా ఏం కాదు

మొదటి వారంలోనే ఒక రోజు సాయంత్రం ఆరింటికి గుర్తొస్తుంది, పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా తలచుకోలేదని. అక్కడే చాలామంది వదిలేస్తారు. “మనకు ఇది కాదు” అనుకుంటారు. కాలువకు గండి పడితే రైతు గట్టు మీద కూర్చుని ఏడవడు, పార తీసుకుని రెండు తట్టల మట్టి వేసి నీళ్లను మళ్లీ మడిలోకి మళ్లిస్తాడు. మీరూ అంతే చేయండి. ఆరింటికి గుర్తొస్తే ఆరింటికే ఒకసారి పేరు అనుకోండి. పోయిన పది గంటలకు వడ్డీ కట్టాల్సిన పని లేదు. చంచలమైన మనసు ఎటు పోతే అటు నుంచి వెనక్కి తెచ్చుకోమని గీత ఆరో అధ్యాయంలో ఉంది. మనసు పోదు అని అక్కడ చెప్పలేదు. పోతుందనే లెక్క వేసి చెప్పారు. నిజానికి “మరిచిపోయాను” అని గుర్తు రావడమే తలచుకోవడం. ఆ క్షణానికి సంతోషపడండి, తిట్టుకోకండి.

రాత్రి మంచం మీద ఆ రోజు ఎక్కడ గుర్తొచ్చింది, ఎక్కడ జారింది అని ఒక నిమిషం చూసుకుని, ఆ పేరుతోనే నిద్రలోకి పోండి. పుస్తకంలో లెక్కలు రాయాలనుకునేవాళ్లు రాసుకోవచ్చు గానీ, లెక్క పెరిగితే గర్వం, తగ్గితే టెన్షన్. నాకైతే లెక్క లేకపోవడమే మంచిదనిపిస్తుంది.

మైల రోజులు, కష్టకాలం

ఇంట్లో చావు అయితే పూజ ఆపుతారు, దీపం పెట్టరు. ఆడవాళ్లు నెలలో కొన్ని రోజులు పూజ గదిలోకి పోరు. ఇంటి ఆచారం ఎలా ఉంటే అలా పాటించండి. నామస్మరణకు మాత్రం సమయం, చోటు, శుచి వంటి నియమాలు లేవని పెద్దలు చెబుతూ వచ్చారు. ఆ రోజుల్లోనే మనసుకు తోడు ఎక్కువ కావాలి. దీపం లేకపోయినా పేరు ఉంటుంది.

పేరు అనుకుంటున్నా లోపల ఏమీ అనిపించని రోజులు కూడా వస్తాయి. నెలలు కూడా కావచ్చు. అప్పుడు ఎక్కువ చేయాలని చూడకండి, ఉన్న మూడు ముడులను మాత్రం వదలకండి. అయితే నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయాలనిపించకపోవడం, బతుకు మీద విరక్తి వంటివి వారాల తరబడి ఉంటే డాక్టరు దగ్గరికి పోండి. మందు వేసుకుంటూ కూడా దేవుణ్ణి తలచుకోవచ్చు. దాన్ని భక్తికి అవమానంగా చూడొద్దు.

జాతర తర్వాత, దీక్ష తర్వాత

రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి మేడారం పోతాం. అక్కడ విగ్రహం లేదు. చిలకలగుట్ట నుంచి సమ్మక్క కుంకుమ భరిణె రూపంలో గద్దెకు వస్తుంది. నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, సమర్పించి ఇంటికి వస్తాం. విగ్రహం లేని చోట అంత మంది కన్నీళ్లు పెట్టుకుంటున్నారంటే, కంటి ముందు రూపం లేకపోయినా తల్లి తోడు ఉంటుందని మనవాళ్లకు తెలుసు. ఆ రెండేళ్ల మధ్య కూడా అదే నమ్మకంతో ఉండవచ్చు. ప్రసాదంగా తెచ్చుకున్న బెల్లం కొద్దిగా వంటింట్లో ఒక డబ్బాలో పెట్టుకుని, దాన్ని చూసినప్పుడల్లా తల్లీ అని తలచుకోవడం ఒక పద్ధతి.

ఎక్కువ జాగ్రత్త పడాల్సింది మాత్రం దీక్షలు తీసుకునేవాళ్లే. అయ్యప్ప మాలో, హనుమాన్ మాలో వేసుకున్న 41 రోజులు దేవుడు మరుపుకు రాడు. ఎందుకంటే ఒంటి మీద బట్ట, మెడలో మాల, చెప్పుల్లేని కాళ్లు, చన్నీళ్ల స్నానం, అందరూ “స్వామీ” అని పిలవడం, ఇవన్నీ నిమిషానికోసారి గుర్తు చేస్తుంటాయి. మాల తీయగానే ఆ గుర్తులన్నీ ఒక్క రోజులో పోతాయి. వారం తిరిగేసరికి మనిషి పాత దారిలో ఉంటాడు. ఇంట్లోవాళ్లు “మాల ఉన్నప్పుడే బాగుండె” అంటారు.

కాబట్టి కొండగట్టులోనో, శబరిమలలోనో మాల విరమణకు పోయే ముందే ఇంట్లో కూర్చుని నిర్ణయించుకోండి, దీక్షలోంచి ఏ ఒక్కదాన్ని ఉంచుకుంటారో. అన్నీ ఉంచుకోలేరు. పొద్దున లేచే టైమ్ కావచ్చు, శనివారం ఒక్కపొద్దు కావచ్చు, ఎదుటివాళ్లను మర్యాదగా పిలవడం కావచ్చు. దాన్ని భార్యకో, తల్లికో ముందే చెప్పి పెట్టండి, జారినప్పుడు వాళ్లు గుర్తు చేస్తారు. ప్రయాణం నుంచి వచ్చిన మర్నాడు ఒళ్లు నొప్పులున్నా అదే టైమ్‌కు లేవండి. స్నానం చేసి, మీ పేరుతో పది నిమిషాలు కూర్చోండి. ఆ రోజే మూడు పనుల కాగితం రాసి పర్సులో పెట్టుకోండి. మొదటి వారం సెలవు పెట్టకుండా మామూలు పనిలోకే పోండి, ఎందుకంటే ఇకపై చేసుకోవాల్సింది ఆ పని మధ్యలోనే.